ఖ్వారిజ్మీ రాసిన వాటాల లెక్క

మద్రసాలో సిరాజీ కితాబు చదివిన ప్రతి విద్యార్థికీ నాలుగు మాటలు కంఠతా వస్తాయి. తమాసుల్, తదాఖుల్, తవాఫుఖ్, తబాయున్. వారసత్వపు వాటాలు పంచేటప్పుడు రెండు సంఖ్యల మధ్య ఉండే నాలుగు రకాల సంబంధాలివి. మేమూ కంఠస్థం చేశాం, పరీక్షలో రాశాం, మంచి మార్కులే వచ్చాయి. అయితే ఆ మూడో మాట మా పక్కింటి పిల్లవాడు స్కూల్లో చేసే గ.సా.భా. లెక్కేననీ, ఆ నాలుగింటినీ కలిపి మేం చేసేది క.సా.గు. తీయడమేననీ మాకు చాలా ఏళ్ళ దాకా తెలియదు. అది తెలిసిన రోజే ముహమ్మద్ బిన్ మూసా ఖ్వారిజ్మీ (రహ్మలై) జీవితం మాకు అవసరమైంది. ముందు ఆ రోజు సంగతి చెప్పి, తరువాత ఆయన సంగతి చెబుతాం.

కోనసీమలో ఒక చిన్న మస్జిద్‌లో ఇమామత్ చేస్తున్న రోజులవి. ఊళ్ళో ఒక సోదరి మరణించారు. ఆమెకు భర్త, తల్లి, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. తండ్రి అంతకుముందే పోయారు, కొడుకులు లేరు. ఆమె సొంత ఆస్తి 2 ఎకరాల 60 సెంట్ల కొబ్బరి తోట. అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరాక వాటాలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. భర్తకు నాలుగో వంతు, తల్లికి ఆరో వంతు తీసి పక్కన పెట్టి, మిగిలింది కూతుళ్ళదని రాసి ఇచ్చాం. భర్తకు 65 సెంట్లు, తల్లికి 43 సెంట్లకు కాస్త పైన, ఆడపిల్లలిద్దరికీ కలిపి 152 సెంట్లకు కాస్త తక్కువ. ఇంట్లో అందరూ సరేనన్నారు. మౌల్వీ గారు చెప్పాక ఇంకేముంది!

ఆ ఇంటికి పాత స్నేహితుడు, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన ముస్లిం కాదు. ఇద్దరు కూతుళ్ళుంటే వాళ్ళ వాటా ఎంతని మీ గ్రంథంలో ఉందండీ అని మెల్లగా అడిగారు. మూడింట రెండు వంతులని చెప్పాం. ఆయన ఒక కాగితం ముక్క మీద పావు, ఆరో వంతు, మూడింట రెండు వంతులు వేసి కూడారు. పన్నెండులో 3, 2, 8. మొత్తం 13. పన్నెండు అణాల్లోంచి పదమూడు అణాలు ఎలా ఇస్తారండీ, ఎవరికి తగ్గించాలని మీవాళ్ళు చెప్పారండీ అని అడిగారు. మా ముఖంలో రక్తం ఇంకిపోయింది.

ఎందుకంటే దీనికి జవాబు మాకు తెలుసు. దాని పేరు ఔల్. వాటాలు కలిపితే ఆస్తికి మించిపోయిన మసాయిల్ హజ్రత్ ఉమర్ (రజి) గారి ఖిలాఫత్ కాలంలో ముందుకొచ్చాయి. సహాబాల సంప్రదింపు తరువాత, ఎవరో ఒకరిని కోయకుండా అందరికీ ఒకే పాళ్ళలో తగ్గించాలని నిర్ణయమైంది. చనిపోయినవారి ఆస్తి అప్పులవాళ్ళకు చాలనప్పుడు అందరికీ దామాషాలో ఎలా సర్దుతామో అలాగే. నాలుగు మజ్‌హబ్‌ల ఇమాములూ దీన్నే అనుసరించారు. అంటే ఆస్తిని పన్నెండు కాదు, పదమూడు భాగాలు చేయాలి. 260 సెంట్లను 13తో భాగిస్తే ఒక్కో భాగం 20 సెంట్లు. భర్తకు 60, తల్లికి 40, కూతుళ్ళకు 160. మేం రాసిచ్చిన కాగితం ప్రకారం తల్లిలేని ఆ ఆడపిల్లలకు ఎనిమిది సెంట్ల పైచిలుకు నేల తగ్గిపోయింది. అందరికీ పడవలసిన తగ్గింపునంతా వాళ్ళ ఒక్కరి మీదే వేశాం. సిరాజీలో ఔల్ అధ్యాయం మాకు నోటికి వచ్చు. కాని వాటాలు ఒకటికి మించుతున్నాయో లేదో కూడి చూడాలన్న ఆలోచనే రాలేదు. కూడడం మాకు అలవాటు కాలేదు, చెప్పడమే అలవాటైంది.

అదృష్టం, దస్తావేజు ఇంకా రాయలేదు. అక్కడే, అందరి ముందే, మా తప్పు ఒప్పుకొని కాగితం చింపి మళ్ళీ రాశాం. పిల్లల తండ్రి ఏమీ అనలేదు. పిల్లల అమ్మమ్మ మాత్రం, ఆ బిడ్డల నేలలో ఒక్క సెంటు కూడా తన వాటాలోకి రాకూడదని, ఇంకోసారి లెక్క చూడమని మమ్మల్ని కాదు, మాస్టారిని అడిగారు.

తిరిగి వస్తూ దారిలో మాస్టారితో మా కష్టం చెప్పుకున్నాం. ఆరో తరగతి నుంచి మద్రసాలోనే చదువు. లెక్కలంటే భయం. ఇప్పుడు ఈ వయసులో పదో తరగతి పుస్తకం పట్టుకుంటే మొదటి పేజీలోనే ఎక్స్, వై వచ్చి నిలబడతాయి. ఆయన నవ్వి, పుస్తకం పక్కన పెట్టమన్నారు. ఆల్‌జీబ్రా అన్న మాట మీ అరబీదే కదండీ, ఆ పెద్దాయన ఎందుకు ఆ లెక్క కనిపెట్టవలసి వచ్చిందో చదివి మీరే నాకు చెప్పండి అన్నారు. అరబీ, ఉర్దూ రెండూ వచ్చిన మాకు ఆ పెద్దాయన పేరు తప్ప ఏమీ తెలియదు. అలా మొదలైంది.

ఆయన పూర్తి పేరు అబూ అబ్దుల్లాహ్ ముహమ్మద్ బిన్ మూసా అల్-ఖ్వారిజ్మీ. జననం సుమారు 780 ప్రాంతం. ఖ్వారిజ్మ్ అనేది అరల్ సముద్రానికి దక్షిణాన, ఆమూ దర్యా నది పాయలుగా చీలి పారే నేల. నేడు అది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల్లో ఉంది. కాలువలు తవ్వుకుని, నీళ్ళు పంచుకుని, ఆ నీటి మీదే బతికే డెల్టా ప్రాంతం. గోదావరి పాయల మధ్య పుట్టిన మాకు ఈ ఒక్క సంగతి తెలియగానే ఆయన పరాయివాడన్న భావం పోయింది. ఆయన స్వయంగా అక్కడ పుట్టారో, ఆయన పెద్దలు అక్కడి నుంచి వచ్చారో అన్నదానిపై చరిత్రకారుల్లో భేదాభిప్రాయాలున్నాయి. ఆయన పనిచేసినదంతా బాగ్దాద్‌లోనే.

బాగ్దాద్ అప్పటికి కొత్త నగరం. ఖలీఫా మన్సూర్ 762లో దజ్లా నది ఒడ్డున గుండ్రని కోటగా దానికి పునాది వేయించాడు. మన్సూర్ కాలంలోనే, 770ల ప్రాంతంలో, మన దేశం నుంచి ఒక పండితుడు ఖగోళ గణిత సిద్ధాంత గ్రంథం ఒకటి పట్టుకుని దర్బారుకు చేరాడు. దాన్ని ఫజారీ అనే విద్వాంసుడు అరబీలోకి తెచ్చాడు. సిద్ధాంతం అన్న మాట అరబ్బుల నోట సింద్‌హింద్ అయింది. తరువాత హారూన్ రషీద్ కుమారుడు మామూన్ కాలంలో (813 నుంచి 833) బైతుల్ హిక్మా అనే విద్యాలయం పేరుకెక్కింది. గ్రీకు, పారసీ, సంస్కృత గ్రంథాలు అక్కడ అరబీలోకి వచ్చాయి. ఖ్వారిజ్మీ (రహ్మలై) ఆ విద్యాలయంతో సంబంధమున్న విద్వాంసుల్లో ముందువరుసలోనివారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మామూన్‌ను విద్యాపోషకుడని పొగిడే వ్యాసాలు మనవాళ్ళు చాలా రాస్తారు. అదే మామూన్ తన చివరి ఏడాదిలో, ఖుర్ఆన్ సృష్టి అనే వాదాన్ని ఒప్పుకోవాలని ఉలమాను వేధించాడు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) గారికి సంకెళ్ళు వేయించి తన వద్దకు రప్పించబోతుండగా దారిలోనే అతని మరణవార్త అందింది. ఇమాము గారిపై కొరడా దెబ్బలు పడింది అతని తరువాతి ఖలీఫా ముఅతసిమ్ కాలంలో. పుస్తకాలు పోషించినందువల్ల ఆ నేరం మాసిపోదు. ఆ నేరంవల్ల ఆ పుస్తకాలూ చెడ్డవైపోవు. రెండూ ఒకే నగరంలో జరిగాయి.

ఇక అసలు గ్రంథం. దాని పేరులోనే అల్-జబ్ర్ వల్-ముఖాబలా అన్న మాటలున్నాయి. మామూన్ ప్రోత్సాహంతో రాసినట్టు ఖ్వారిజ్మీ (రహ్మలై) ముందుమాటలోనే చెప్పుకున్నారు. ఎవరికోసం రాశారో కూడా చెప్పారు. వారసత్వం, వసీయత్, భాగపంపకం, వ్యాజ్యాలు, వ్యాపారం, భూమి కొలత, కాలువల తవ్వకం వంటి వాటిలో ప్రజలకు నిత్యం అవసరమయ్యే లెక్కను సులువుగా అందించడం తన ఉద్దేశమన్నారు. పండితుల మెప్పు కోసం రాసిన పుస్తకం కాదది. దవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. ఆ నీళ్ళు పారే కాలువల్లో ఎంత మట్టి తవ్వాలో, ఎంత కూలి ఇవ్వాలో లెక్కగట్టడానికి పనికొచ్చే విద్యను దానికి వెయ్యేళ్ళ ముందు ఆ డెల్టా బిడ్డ ఒక పుస్తకంలో పెట్టారు.

మమ్మల్ని ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి. ఆ పుస్తకంలో ఎక్స్ లేదు, వై లేదు, సమానం గుర్తు కూడా లేదు. అంతా మాటలే. సంఖ్యలు కూడా అక్షరాల్లోనే. తెలియని దాన్ని ఆయన షై అన్నారు, అంటే వస్తువు. మూలాన్ని జిజ్ర్ అన్నారు, అంటే వేరు. వేరును వేరుతోనే హెచ్చిస్తే వచ్చే దానికి మాల్ అని పేరు పెట్టారు, అంటే సంపద. మద్రసాలో నహ్వ్, సర్ఫ్ చదివినవాడు భయపడవలసింది ఏముంది ఇందులో?

జబ్ర్ అంటే విరిగిన ఎముకను తిరిగి అతకడం. లెక్కలో ఒక పక్క ఏదైనా తక్కువై ఉంటే దాన్ని పూడ్చడం జబ్ర్. ఉదాహరణకు నూరులోంచి ఒక వస్తువు తీసేస్తే నాలుగు వస్తువులకు సమానమైంది అనుకోండి. నూరుకు తగ్గిన ఆ వస్తువును తిరిగి చేర్చాలి, అటుపక్కా ఒకటి చేర్చాలి. అప్పుడు నూరు అయిదు వస్తువులకు సమానం. వస్తువు విలువ ఇరవై. ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టడం. త్రాసులో రెండు పళ్ళాల్లోనూ ఉన్న ఒకేరకం బరువును రెండు పక్కల నుంచీ తీసేయడం. బజారులో కూరగాయలు తూచే ప్రతి మనిషికీ తెలిసిన పని.

తరువాత ఆయన సమీకరణాలన్నిటినీ ఆరు రకాలుగా విడదీసి, ఒక్కోదానికీ దారి చూపించారు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి శతాబ్దాల పాటు ప్రపంచమంతా తిరిగింది. ఒక మాల్, దాని వేర్లు పది కలిపితే 39 అయితే వేరు ఎంత? మేం దీన్ని మస్జిద్ గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుని నేర్చుకున్నాం. మీరూ ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని గీయండి. ఒక చదరపు గది గీయండి. దాని భుజం ఎంతో తెలియదు. పది వేర్లు అంటే ఆ భుజమంత పొడవూ పది వెడల్పూ ఉన్న పట్టీ. దాన్ని నిలువుగా రెండు చేసి, అయిదేసి వెడల్పున్న రెండు వరండాలుగా గదికి రెండు పక్కల తగిలించండి. గదీ, రెండు వరండాలూ కలిసి 39. ఇప్పుడు మూలన ఒక ఖాళీ కనిపిస్తుంది. అది అయిదుకు అయిదు, అంటే 25. దాన్ని పూడిస్తే పెద్ద చదరం పూర్తవుతుంది. 39, 25 కలిపితే 64. 64 వైశాల్యమున్న చదరం భుజం 8. అందులో వరండా వెడల్పు 5 తీసేస్తే గది భుజం 3. సరిచూసుకోండి: మూడు మూళ్ళు తొమ్మిది, పది మూళ్ళు ముప్పై, మొత్తం 39. స్కూల్లో సూత్రంగా బట్టీ పట్టించేదంతా ఆ మూలన ఉన్న ఖాళీని పూడ్చడమేనని మా కళ్ళతో చూసిన రోజు ఇషా తరువాత చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాం.

పుస్తకంలో రెండో భాగం కొలతలు. వృత్తం చుట్టుకొలతకు ఆయన మూడు లెక్కలు ఇచ్చారు. వ్యాసానికి మూడూ ఏడో వంతు రెట్లు అనేది మామూలు జనం కోసం. పది వర్గమూలం అనేది ఒకటి. 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత అనేది ఖగోళవేత్తల లెక్క. ఈ చివరిది 499 ప్రాంతంలో మన దేశపు ఆర్యభటుడు ఇచ్చినదే. విద్య ఎక్కడి నుంచి వచ్చిందో దాచే అలవాటు ఆయనకు లేదు.

మూడో భాగమే మా కథ. వసీయత్‌లు, వారసత్వాలు. పుస్తకంలో దాదాపు సగం ఇదే! అందులో మొదటి లెక్కల్లో ఒకటి చూడండి. ఒక మనిషి చనిపోయాడు. ఇద్దరు కొడుకులున్నారు. తన ఆస్తిలో మూడో వంతు ఒక బయటి మనిషికి వసీయత్ చేశాడు. చేతిలో ఉన్న నగదు పది దిర్హమ్‌లు. మరో పది దిర్హమ్‌లు ఒక కొడుకే తండ్రికి బాకీ ఉన్నాడు. ఎవరికెంత? బాకీ ఉన్న కొడుకు వాటా ఎంతో తేలితేగాని అతని అప్పులో ఎంత చెల్లుకు వేయాలో తెలియదు. అప్పులో ఎంత చెల్లుకు వేశామో తేలితేగాని మొత్తం ఆస్తి ఎంతో తెలియదు. మొత్తం తేలితేగాని వాటా తెలియదు. పిల్లి తన తోక పట్టుకున్నట్టుంది. ఖ్వారిజ్మీ (రహ్మలై) ఆ తెలియని వాటాకు వస్తువు అని పేరు పెట్టారు. అప్పులో ఆ కొడుకు వాటాకు సరిపడినంత మేరకే ఆస్తిగా లెక్కలోకి తీసుకున్నారు. అప్పుడు ఆస్తి పదీ ఒక వస్తువు. దాన్ని మూడు చేస్తే ఒకటి బయటి మనిషికి, ఒక్కొక్కటి కొడుకులకు. ఒక్కో భాగమూ వస్తువే. అంటే పదీ ఒక వస్తువు మూడు వస్తువులకు సమానం. రెండు పక్కల నుంచీ ఒక వస్తువు తీసేస్తే పది రెండు వస్తువులకు సమానం. వస్తువు అయిదు. చేతిలో ఉన్న పది దిర్హమ్‌లలో అయిదు బయటి మనిషికి, అయిదు రెండో కొడుక్కి. బాకీ ఉన్నవాడి వాటా అప్పులో చెల్లు.

ఫిఖ్‌హ్ కోణంలో ఇందులో చర్చించవలసినవి ఉన్నాయి, వాటిని ముఫ్తీ సాహెబాన్‌కు వదులుతున్నాం. మాకు ముఖ్యమైనది వేరు. ఎక్స్ అనేది పిల్లల్ని ఏడిపించడానికి పుట్టలేదు. చనిపోయిన మనిషి ఇంట్లో, ఎవరి హక్కు ఎంతో తేలక కూర్చున్నవారి మధ్య దానికి పని దొరికింది. అల్లాహ్ నిసా సూరా 11, 12, 176 ఆయత్‌లలో వాటాలను నిర్ణయించి చెప్పాడు. సగం, పావు, ఎనిమిదో వంతు, మూడింట రెండు, మూడో వంతు, ఆరో వంతు. ఈ ఆరు భిన్నాలను కూడడం, సరిచూడడం మనుషుల మీద పడిన బాధ్యత.

ఈ పుస్తకం తరువాత ఎటు పోయిందో వినండి. 1145లో స్పెయిన్‌లోని సెగోవియాలో రాబర్ట్ అనే ఇంగ్లీషు పండితుడు దీన్ని లాటిన్‌లోకి మార్చాడు. అదే శతాబ్దంలో తొలేదోలో పనిచేసిన క్రెమోనా జెరార్డ్ మరో అనువాదం చేశాడు. ఇద్దరూ జబ్ర్ ముఖాబలా భాగాన్ని తీసుకుని వారసత్వ భాగాన్ని వదిలేశారు. వాళ్ళకు అది అక్కర్లేదు, తప్పు పట్టలేం. ఐరోపా చేతికి లెక్క వెళ్ళింది, ఆడపిల్ల వాటా వెళ్ళలేదు. మరి మన దగ్గర? మన మద్రసాల్లో వాటాలు మిగిలాయి, లెక్క జారిపోయింది. దర్సె నిజామీ పాత పాఠ్యక్రమంలో బహావుద్దీన్ ఆమిలీ రాసిన ఖులాసతుల్ హిసాబ్ ఉండేది, ఉఖ్లీదిస్ రేఖాగణితం మొదటి భాగం ఉండేది. మా వంతు వచ్చేసరికి మేం చదివిన చోట ఆ రెండూ లేవు. సిరాజీ ఒక్కటే ఉంది. పూర్తి అరబీ గ్రంథాన్ని ఆక్స్‌ఫర్డ్‌లోని రాతప్రతి ఆధారంగా అచ్చు వేసి ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఫ్రెడరిక్ రోజెన్ అనే జర్మన్ పండితుడు, 1831లో లండన్‌లో.

ఖ్వారిజ్మీ (రహ్మలై) మరో గొప్ప పని హిందూ అంకెల మీద రాసిన గ్రంథం. ఒకటి నుంచి తొమ్మిది దాకా తొమ్మిది గుర్తులు, ఖాళీ స్థానానికి ఒక చిన్న సున్న, వీటితో ఎంత పెద్ద సంఖ్యనైనా రాసి కూడి తీసివేసి హెచ్చించి భాగించే విధానాన్ని అందులో వివరించారు. అరబీ మూలం నేడు దొరకడం లేదు, లాటిన్ రూపాలే మిగిలాయి. ఆ లాటిన్‌లో ఆయన పేరు అల్గోరిజ్మీ అయింది. నేడు కంప్యూటర్‌వాళ్ళు అల్గోరిథం అనేది ఆ పేరే. మన పిల్లలు స్కూల్లో సున్న అంటారు, మక్తబ్‌లో సిఫర్ అంటారు. శూన్యం అన్న సంస్కృత మాటకు అరబ్బులు చేసుకున్న అర్థం సిఫర్, అంటే ఖాళీ. ముస్‌హఫ్‌లో ఆయత్ చివర కనిపించే అంకెలూ, బస్సు నంబరు మీద కనిపించే అంకెలూ ఒకే తల్లి బిడ్డలు. మనం అరబీ అంకెలనేవాటిని అరబ్బులు హిందీ అంకెలంటారు.

ఇది చెబితే మాస్టారు ఊరుకోలేదు. మీ మామూన్ గద్దెనెక్కింది ఎప్పుడండీ అని అడిగారు. 813 అన్నాం. అయితే ఇటు వినండని ఆయన మొదలుపెట్టారు. 814లో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడు గద్దెనెక్కాడు. అతని రాజధాని మాన్యఖేటం, నేటి కర్ణాటకలోని మల్ఖేడ్. అరబ్ వర్తకులు తమ ప్రయాణ కథనాల్లో బల్హరా అని గొప్పగా రాసింది ఆ రాష్ట్రకూట రాజుల గురించే. ఆ అమోఘవర్షుని కాలంలోనే మహావీరాచార్యుడనే జైన పండితుడు 850 ప్రాంతంలో గణితసారసంగ్రహం రాశాడు. అంటే అక్కడ ఖ్వారిజ్మీ, ఇక్కడ మహావీరుడు, ఇంచుమించు ఒకే తరం. ఆయన కూడా వృత్తానికి పది వర్గమూలం వాడాడు. సంఖ్యను సున్నతో భాగిస్తే మారదని పొరపాటు కూడా పడ్డాడు. పెద్దలు కూడా లెక్క తప్పుతారండీ అని మాస్టారు మా వైపు చూసి నవ్వారు.

ఆ సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో తొలి గణిత గ్రంథకర్తగా ఆయనకు పేరు. రాజమహేంద్రవరం రాజధానిగా 1022 నుంచి 1061 దాకా ఏలిన రాజరాజ నరేంద్రుడు మల్లన అనే ఆయనకు పిఠాపురం దగ్గర నవఖండవాడ గ్రామాన్ని ఇచ్చాడు. ఆ మల్లన ఈ కవేనా, కవికి తాతగారా అని పండితులు వాదించుకున్నారు. ఎవరైనా ఆ ఇల్లు మన గోదావరి జిల్లాదే. మేం రాజమండ్రి, పిఠాపురం మధ్య ఎన్నిసార్లు బస్సులో తిరిగామో! ఈ పేరు ఒక్కరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఖ్వారిజ్మీ (రహ్మలై) మిగతా పనుల గురించి కొద్దిగా. సింద్‌హింద్ ఆధారంగా సూర్యచంద్రుల, గ్రహాల గమనాలకు పట్టికలు తయారుచేశారు. యూదుల పంచాంగం మీద ఒక చిన్న గ్రంథం, అస్తర్లాబ్ మీద, నీడ గడియారం మీద రచనలు ఉన్నాయి. సూరతుల్ అర్జ్ అనే భూగోళ గ్రంథంలో 2,400కు పైగా ఊళ్ళు, కొండలు, సముద్రాలు, నదుల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చారు.

మామూన్ తరువాత ముఅతసిమ్, ఆ తరువాత వాసిఖ్ ఖలీఫాలయ్యారు. ఆయన వాసిఖ్ కాలం చివరి దాకా ఉన్నట్టు తబరీ చరిత్రలోని ఒక సంఘటన వల్ల తెలుస్తుంది. 847లో వాసిఖ్ జబ్బుపడి మంచం పట్టాడు. జాతకం చూడమని నక్షత్ర పండితులను పిలిపించాడు. ఆ జాబితాలో ఖ్వారిజ్మీ పేరు కూడా ఉంది. వాళ్ళంతా చూసి ఖలీఫా ఇంకో యాభై ఏళ్ళు బతుకుతాడని చెప్పారు. పది రోజులకు ఖలీఫా పోయాడు. ఈ సంఘటనను మనవాళ్ళు రాసే జీవిత చరిత్రల్లో వదిలేస్తుంటారు. మేం వదలదలుచుకోలేదు. గ్రహం ఎక్కడుందో లెక్కకట్టడం విద్య. ఆ గ్రహం మనిషి ఆయుష్షు చెబుతుందనడం అబద్ధం, దీన్‌లో నిషిద్ధం. ఆ దర్బారులో ఈ రెండూ ఒకే చాప మీద కూర్చునేవి. అంత గొప్ప లెక్కలు చేసినాయన పేరు ఆ జాబితాలో చూసి మాకు బాధ కలిగిన మాట నిజం. అయితే మా కాగితం మీద ఆడపిల్లల వాటా తగ్గించి రాసిన చేతితో ఆయన్ని తూచే ధైర్యం మాకు లేదు.

ఆ తరువాత మూడేళ్ళకో, ఇంకొంచెం ముందూ వెనుకో, సుమారు 850లో ఆయన మరణించారు. ఆయన భార్యాబిడ్డల గురించి చరిత్రలో ఏమీ లేదు. ఎంతోమంది వాటాలు లెక్కగట్టడం నేర్పినాయన ఆస్తి ఎవరికెంత పంచారో ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన వెనుక ఈజిప్టులో అబూ కామిల్ ఆయన పుస్తకాన్ని ముందుకు తీసుకెళ్ళారు. తరువాత ఉమర్ ఖయ్యామ్ ఘన సమీకరణాల దాకా నడిపించారు. ఇటలీలో ఫిబొనాచీ 1202లో ఆ అంకెలను, ఆ లెక్కలను వర్తకుల చేతికిచ్చాడు. మన స్కూలు పుస్తకం ఆ దారినే వచ్చింది.

మేం ఇప్పటికీ గణితవేత్తలం కాదు. ఘన సమీకరణం దగ్గర ఆగిపోయాం. కాని ఆదివారం అసర్ తరువాత మక్తబ్ పిల్లలకు ఫరాయిజ్ లెక్కలు చెబుతున్నాం. మాస్టారు మోకాళ్ళ నొప్పితోనే వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఆ తోట వాటా వచ్చిన అమ్మాయిల్లో చిన్నది ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న దానికి వాళ్ళ ఇంటి లెక్కే కొంచెం మార్చి ఇచ్చాం. భర్త, తల్లి, ఇద్దరు కూతుళ్ళతో పాటు తండ్రి కూడా బతికి ఉంటే ఎన్ని భాగాలు? అది పలక మీద 3, 2, 2, 8 వేసింది. ఎవరూ చెప్పకుండానే కింద గీత గీసి కూడింది. 15 అని రాసి, మాస్టారి వైపు కాదు, మా వైపు చూసింది.